రాష్ట్రం ఓటివ్వలేదు, కేంద్రం గొంతు దాచింది

ప్రభుత్వం తరఫున ఎవరో వెతుక్కుంటూ వచ్చారంటే పేదవాడికి ముందుగా కలిగేది భయమే. 1941 ఆగస్టులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, స్టోవాల్ అనే పత్తి ఎస్టేటులోనూ అదే జరిగింది. అక్కడ పనిచేసే మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్ చాటుగా సారా అమ్మేవాడు. వచ్చినవారు ఆ సంగతి కూపీ లాగేందుకే వచ్చారని అనుమానించాడు. వారికి కావలసింది అతని పాట. ఒకరు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చెందిన అలన్ లోమాక్స్. మరొకరు ఫిస్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, నల్లజాతీయుడైన జాన్ వర్క్.

తరువాత మడ్డీ వాటర్స్‌గా లోకప్రసిద్ధుడైన ఈ గిటారిస్టును తీర్చిదిద్దిన రికార్డు ఏదంటే, అభిమానులు సాధారణంగా రాబర్ట్ జాన్సన్ పేరు చెబుతారు. లోమాక్స్ కూడా అదే ఆరా తీశాడు, ఈ బాణీ ఎక్కడిదని. కారు పంక్చరు వేస్తుండగా తానే కట్టానన్నాడు మడ్డీ. ఆ వెంటనే, సన్ హౌస్ దగ్గర నేర్చానన్నాడు. జాన్సన్ రికార్డు ఉందని ఒప్పుకుంటూనే, దానికన్నా ముందే ఆ బాణీ తనకు తెలుసన్నాడు. మన నాయకులు తమ పార్టీల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే తీరు ఎరిగినవారికి ఇది వింతేమీ కాదు. అయితే ఇక్కడ మూడు మాటలూ నిజమే కావచ్చు. జానపదంలో సొంతానికీ అరువుకూ మధ్య సరిహద్దు ఎవరు గీయగలరు?

నా దృష్టిలో అతణ్ణి మార్చిన రికార్డు వేరు. ఆ రోజు పాడిన పాటను వారు అక్కడే తిరిగి వినిపించారు. డబ్బిచ్చి కొనుక్కునే రికార్డుల్లోని గాయకులకు తన గొంతు ఏమీ తీసిపోదని అతనికి అప్పుడు తెలిసింది. తరువాత రెండు ప్రతులూ, ఇరవై డాలర్ల చెక్కూ పోస్టులో వచ్చాయి. సూటు తొడుక్కుని, ఆ రికార్డు చేతబట్టి ఫొటో దిగాడు.

పోల్ ట్యాక్సు, అక్షరాస్యత పరీక్షల వంటి అడ్డంకులతో మిసిసిపీ నల్లవారిని ఓటుకు దూరంగా ఉంచిన కాలమది. రాష్ట్రం ఓటు నిరాకరించిన మనిషి గొంతును కేంద్రం భద్రపరిచింది! అంతకన్నా ముఖ్యం, దానిని అతనికే వినిపించింది. ఎన్నికల వేళ రికార్డర్లతో ఊళ్లమీద పడే మా వృత్తిలో ఈ రెండో పని అరుదు. ఒక పల్లెలో ఓ కౌలురైతు, మాట్లాడటం ముగించాక, "ఓసారి వినిపించండి సారూ" అని అడిగాడు. తన మాటలు తానే విని, ఒక అంకె తప్పు పడిందంటూ సరిచేయించాడు.

1943లో గంటకు 22.5 సెంట్ల కూలిని 25 సెంట్లు చేయమని మడ్డీ అడిగాడు. ఎస్టేటు పర్యవేక్షకుడు ఒప్పుకోలేదు. అతను షికాగో రైలెక్కాడు. 1948లో అరిస్టోక్రాట్ కంపెనీ కోసం ఎలక్ట్రిక్ గిటారుతో వినిపించినవి స్టోవాల్‌లో పాడిన ఆ రెండు పాటలే, కొత్త రూపంలో.

లోమాక్స్ కీర్తి ఖండాలు దాటింది. జాన్ వర్క్ రాతప్రతి మాత్రం ఏళ్ల తరబడి మరుగున పడి, 2005లో గానీ అచ్చుకాలేదు. అప్పటికి ఆయన కన్నుమూసి దాదాపు నాలుగు దశాబ్దాలు.