సోసనీ రంగు, సోసన్ పువ్వు

మా ఇళ్లల్లో రంగులకు పేర్లు బోలెడు. ఆస్మానీ, ఫిరోజీ, కాసనీ, ఊదా, సోసనీ. చిత్తూరు బజారులో మ్యాచింగ్ జాకెట్టు ముక్క అడిగితే దుకాణపాయన వంకాయ రంగు తీసి పరిచేవాడు. "నక్కో, బైంగనీ నై, సోసనీ హోనా" అని నానీ జిద్దు. నీలానికీ ఊదాకీ నడుమ రంగు అది. సోసన్ అంటే ఐరిస్ పువ్వు. నానీ జిందగీలో ఆ పువ్వును చూసిందే లేదు. కశ్మీరులో ఖబరస్తాన్‌ల నిండా పూస్తుంది గానీ, గట్టి చలి లేని మన సీమలో ఆ రకం పూయడం ముష్కిల్.

ఫొటోలు చూసి దాని రంగుల పేర్లు నేర్చుకున్నా. పువ్వుకు ఆరు రేకులు. మూడు పైకి లేస్తాయి, వాటిని స్టాండర్డ్స్ అంటారు. మూడు కిందికి వాలతాయి, అవి ఫాల్స్. నా బుర్రకు దర్జీ భాష అయితేనే ఎక్కుతుంది కాబట్టి పైవి కుర్తా, కిందివి సల్వార్ అనుకున్నా. రెండూ ఒకే రంగైతే సెల్ఫ్. ఒకే రంగులో లేత, ముదురు అయితే బైటోన్. తెల్ల కుర్తా, రంగు సల్వార్ అయితే అమీనా (మన అమీనా కాదు, లాటిన్ మాట!). పసుపు మీద, మెరూన్ కింద అయితే వేరిగేటా. నాకు పసంద్ మాత్రం ప్లికాటా. తెల్లటి రేకు అంచు వెంబడి ఎవరో ఊదా దారంతో బారీకుగా టాకాలు వేసినట్టు ఉంటుంది.

ప్లికాటా, అమీనా వేరే జాతులని పాతకాలం వృక్షశాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. తర్వాత అవి తోటల్లో పుట్టిన సంకరాలని తేలింది. జాతి పోయింది, పేరు రంగుకు మిగిలింది. మా సోసనీకి అంత కిస్మత్ లేదు. ఇంట్లో పిల్లలకు అంతా పర్పులే.

ఇంకో సంగతి. రంగు చూసి తరహా చెప్పొచ్చు గానీ, పువ్వు అసలు పేరు చెప్పలేం. అమెరికన్ ఐరిస్ సొసైటీ 1920లో మొదలైంది. దాని రిజిస్టరులో రకాలు వేలకు వేలు, అమీనాలే ఎన్నో. వాలే రేకు మీద నూగులాంటి గడ్డం ఏ రంగు, కాడ 70 సెంటీమీటర్లు దాటిందా, ఎప్పుడు పూసింది, ఇవన్నీ చూడాలి. నాటినవాళ్ల చీటీ దొరక్కపోతే "అమీనా తరహా" అని ఆగడమే ఇన్సాఫ్.

మన ఎండకు తట్టుకునే ఐరిస్ ఒకటుంది. విసనకర్రలా పరుచుకున్న ఆకులు, నారింజ రేకుల మీద ఎర్రచుక్కలు. లెపర్డ్ లిల్లీ అంటారు గానీ లిల్లీ కాదు. డీఎన్‌ఏ చూసి 2005లో దాన్ని ఐరిస్‌లో కలిపి ఐరిస్ డొమెస్టికా అన్నారు. ఆరు రేకులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి దీని దగ్గర కుర్తా, సల్వార్ లెక్క పనిచేయదు. కాయ పగిలితే నల్లటి గింజలు గుత్తిగా మెరుస్తాయి. తిరుపతిలో మా మిద్దె మీద కుండీలో ఆ గింజలు నాలుగు నాటా. రెండు మొలిచాయి.