మా మేనత్త గుండె

మన యిండ్లలో ముదుసలి స్త్రీ తనకు నలతగా నున్నదని చెప్పినచో, మనము పెట్టు మొదటి పేరు వాయువు, రెండవది పైత్యము, మూడవది బెంగ. గుండె యను మాట చిట్టచివర వచ్చును. మేమును అట్టివారమే. చదువుకొన్నవారమని పేరేగాని, ఆపత్సమయమున ఆ చదువు మాకు అక్కఱకు రాలేదు. మా తప్పు పదిమందికి తెలిసిన నొక యింటనైన మేలు కలుగునని యిది వ్రాయుచున్నాము.

మాది వికారాబాదు జిల్లాలోని మర్పల్లి. వికారాబాదునుండి బీదరునకు పోవు రైలుదారిలోని యూరు. మా తండ్రిగారు పోయిననాడు డెబ్బదియేండ్ల మా మేనత్త వచ్చి అన్నగారి కాళ్లకడ కూలబడెను. మూడవనాటి రాత్రి వీపున రెండు రెక్కల నడుమ పట్టినట్లున్నదనియు, దవడ లాగుచున్నదనియు, కడుపులో త్రిప్పుచున్నదనియు మెల్లగా చెప్పెను. నొసట చెమట పట్టియుండెను. రొమ్ములో నొప్పి యనలేదు గనుక గుండె మా తలపునకే రాలేదు. "ఏం లేదు బిడ్డా, అన్నం దినక పైత్యం జేసింది. మీరు పండుకోండ్రి" అని ఆమెయే యనెను. జీలకఱ్ఱ కషాయమిచ్చి మేము పరుంటిమి. తెల్లవాఱుజామున ఆమె ఊపిరాడక లేచి కూర్చుండెను. అప్పుడుగాని 108కి ఫోను చేయమైతిమి. ఆ బండి ఉమ్మడి రాష్ట్రమున 2005వ సంవత్సరముననే మొదలైనది. దాని అంకె మా యింటి పసివానికిని తెలియును. ముసలమ్మ వీపునొప్పికి దానిని పిలువవలయునన్న సంగతియే మాకు తెలియదు.

హైదరాబాదున ఈసీజీ తీసి, రక్తము పరీక్షించి, గుండెపోటు లక్షణములే యున్నవనిరి. కాని యాంజియోగ్రాములో గుండెకు రక్తము తెచ్చు నాళములయందు అడ్డమేమియు కానరాలేదు. ఎకో పరీక్షలో మాత్రము గుండె యెడమ గది కొన కదలిక లేక బుడ్డివలె ఉబ్బియుండెను. దీనిని టాకోట్సుబో అందురని వైద్యుడు మాకు చెప్పెను.

ఈ వ్యాధిని 1990లో జపానుదేశపు వైద్యుడు హికారు సాటో, ఆయన సహచరులు వర్ణించిరి. టాకోట్సుబో యనగా అక్కడి జాలరులు ఆక్టోపసులను పట్టుటకు సముద్రమున దించు కుండ; మెడ యిఱుకు, అడుగు గుండ్రము. ఉబ్బిన గుండె ఆ రూపమున కనబడుటచే ఆ పేరు వచ్చినది. తీవ్రమైన దుఃఖముగాని భయముగాని కలిగినపుడు దేహమున అడ్రినలిను మొదలగు రసములు ఒక్కుమ్మడి పొంగి గుండెకండరమును స్తంభింపజేయునని వైద్యులు తలంచుచున్నారు. శస్త్రచికిత్స, ఉబ్బసము వంటి దేహబాధలవలనను ఇది రావచ్చును. కొందఱికి కారణమే కానరాదు. 2015లో పెక్కు దేశముల వైద్యులు 1750 మంది రోగుల వివరములు ప్రకటింపగా, వారిలో నూటికి దాదాపు 90 మంది స్త్రీలు. సగటు వయస్సు 66 ఏండ్లు దాటియుండెను. పెక్కుమందికి కొన్ని వారములలో గుండె మరల యథాస్థితికి వచ్చును. అట్లని చులకన చేయరాదు. ఆ లెక్కలోనే నూటికి నలుగురు ఆసుపత్రిలోనే మరణించిరి.

2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు ప్రమాదమున మరణించినపుడు, ఆ వార్త విని పలువురు గుండె ఆగి చనిపోయిరని పత్రికలు వ్రాసినవి. పరీక్ష లేక ఆ మరణములను ఈ వ్యాధికి ముడిపెట్టరాదు. కాని "గుండె పగిలి చచ్చింది" అను మాట మన పల్లెలలో ఏనాటినుండియో కలదు. దానిని మనము ఉత్తమాట యనుకొంటిమి.

ఆసుపత్రిలో వైద్యుడు ఆమెను "అమ్మా, మనసుకు కష్టమైన సంగతి ఏమైన జరిగినదా?" అని అడిగెను. అన్న పోయెనని చెప్పునని మేమనుకొంటిమి. ఆమె "నా పుట్టిల్లు పోయింది సారూ. ఇగ నాకు వంతులే గాని ఇల్లు లేదు" అనెను.

ఆ మాట మాకు అప్పుడు అర్థమైనది. మామయ్య పోయిన పిమ్మట ఆమె ముగ్గురు కొడుకులు పొలముతోపాటు తల్లినిగూడ పంచుకొనిరి. నాలుగేసి నెలలు ఒక్కొక్కరి వంతు. గడువు తీరగానే ఆమె తన సంచి తానే సర్దుకొని తరువాతి గుమ్మము చేరును. ఒక కొడుకు ఊరికి పోయినచో రెండవవాడు "ఇంక నా వంతు రాలేదు" అనును. అట్టి దినములలో ఆమె మర్పల్లికి వచ్చి అన్నగారి కడ నుండెడిది. మేము దానిని చుట్టపుచూపనుకొంటిమి. ఎవరును ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, పస్తుంచలేదు. అందుచే దానిని ఎవరును కష్టమని లెక్కింపలేదు.

తల్లిదండ్రుల పోషణకై 2007లో దేశమున చట్టము వచ్చినది. అది భరణమిప్పించును, నొప్పియని నోరు విప్పుటకు జంకని చనువును ఏ చట్టమును ఇప్పింపలేదు. ఏడాదికి మూడిండ్లు మాఱు స్త్రీ అర్ధరాత్రి ఎవరిని లేపును?

చదువరులారా, టాకోట్సుబోయో, నాళము పూడిన గుండెపోటో ఇంటియొద్ద తెలియదు. వైద్యునికే యాంజియోగ్రాము వఱకు తేలదు. కావున పెద్దవయసు స్త్రీకి దవడ, వీపు, భుజము, పైకడుపు నొప్పియైనను, హఠాత్తుగా ఆయాసము, చెమట, వాంతి, ఎన్నడులేని నిస్సత్తువ యైనను, దుఃఖపుటింట నున్నను లేకున్నను, గుండెపోటేయని యెంచి వెంటనే బండిని పిలువుడు. "ఏమీ లేదు" అని ఆమె యనినను వినకుడు. ఆ మాట ఆమెకు జన్మమంతయు అలవాటైనది.

ఆఱు వారములకు మా మేనత్త గుండె కుదుటబడెను. కొడుకులు వచ్చి ఎవరి వంతని లెక్క మొదలిడగా, మా తల్లి "ఆడిబిడ్డ ఈడనే ఉంటది" అని లోపలికి పోయి, ఆమె సంచిలోని చీరలు తీసి తన పెట్టెలో పెట్టెను. సంచి ఖాళీయైనది. మేము చేయవలసిన పని మా తల్లి చేసినది.