రేకులోపల అరిటాకు

రంగూన్ చైనాటౌన్‌లో 19వ వీధిని సాయంత్రంపూట పొగను బట్టే పోల్చుకోవచ్చు. బొగ్గుల మీద చేపలు, పుల్లలకు గుచ్చిన మాంసం, బెండకాయలు. అన్నీ నేరుగా సెగ తగిలేవే. నాకు మాత్రం పొట్లం వంట మీదే మనసు. అల్యూమినియం రేకులో చేప, ఉల్లి, ఆలుగడ్డ చుట్టి నిప్పుల్లో పెడితే వాటి తడే ఆవిరై వాటిని ఉడికిస్తుంది. మంట చల్లారి కట్టెలు కణకణలాడే నిప్పులయ్యేదాకా ఆగాలి, తొందరపడితే అడుగు మాడి పైన పచ్చి. ఇంకో చిక్కు, చింతపండు. పులుపు రేకును తినేస్తుంది. పులుపు లేకుండా మనకు చేపేమిటి!

బర్మావాళ్ళు చేపను నోని ఆకుల్లో, ఆపైన అరిటాకులో చుట్టి ఆవిరి పడతారు. 1930 మేలో రేవు కూలీల మధ్య చెలరేగిన అల్లర్లకు ముందు రంగూన్ రేవులో సరుకు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. కాకినాడ పక్కనున్న కోరంగి పేరుతో వాళ్ళను కోరంగీలనేవారు. ఆ గోదావరి మనుషులకు అరిటాకు కొత్తేమీ కాదుగా.

ఇప్పుడు నేను రేకులో ముందు అరిటాకు పరుస్తాను. అప్పుడు చింతపండు నిశ్చింతగా వేసుకోవచ్చు.