చీపురుపల్లి మేడ మీద కృష్ణబిలం

విశాఖలో పలాస పాసింజరు ఎక్కితే విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి దాటాక చీపురుపల్లి వస్తుంది. గరివిడి దగ్గర కిటికీలోంచి చూడటం మరవకండి. ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీకి పేరుపడ్డ ఊరది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ జిల్లాలోనే, 1890ల్లో.

నేను వెళ్లింది కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి. జనం, డప్పులు, పకోడీల వాసన... అవన్నీ మీకు తెలిసినవే. రాత్రి మేడ మీద చాప వేసుకుంటే మా మేనకోడలు వచ్చి కూచుంది. ఇంటర్ రెండో సంవత్సరం. "మావయ్యా, నేను ఇంజినీరింగ్ చెయ్యను. ఫిజిక్స్ చదువుతాను. బ్లాక్ హోల్స్ మీద" అంది. కోచింగుకి మా బావ అప్పటికే అప్పు చేసి ఫీజు కట్టేశాడు.

మెట్ల మీంచి వాళ్ల నానమ్మ అందుకుంది. "ఆ నల్ల కన్నాలు సూసినందుకు ఎవులిత్తారే జీతం?"

పిల్ల తగ్గలేదు. గరివిడి మాంగనీసు దగ్గర్నుంచే మొదలెట్టింది. భూమ్మీది మాంగనీసులో చాలావరకు తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు పేలినప్పుడు పుట్టిందట. బాగా బరువైన నక్షత్రాలు కుప్పకూలితేనేమో కృష్ణబిలాలు. సూర్యుణ్ణి మూడు కిలోమీటర్ల వ్యాసార్థంలోకి నొక్కేస్తే అదీ కృష్ణబిలమే. అంటే చీపురుపల్లి, దాని చుట్టూ పొలాలు!

అసలు చిక్కు ఆ తర్వాత. ఉత్తరం కాల్చేస్తే అక్షరాలు పోయినట్టే అనుకుంటాం. సూత్రప్రకారం పోవు. పొగ, బూడిద, వేడి అన్నీ పట్టి లెక్కగడితే రాసింది తిరిగి తెలుసుకోవచ్చు. కృష్ణబిలాలు సన్నగా వేడిని వెదజల్లుతూ కరిగిపోతాయని 1974లో హాకింగ్ చెప్పాడు. లోపల పడ్డదాని సమాచారం శాశ్వతంగా పోతుందన్నాడు 1976లో. క్వాంటం సిద్ధాంతానికి అది మింగుడుపడదు. బెంగళూరు ఐసీటీఎస్‌లో సువ్రత్ రాజు, ఆయన సహచరులు చేస్తున్న పని ఇక్కడే. గురుత్వాన్ని కూడా క్వాంటం లెక్కల్లోకి తెస్తే, లోపలి సమాచారం ఎప్పుడూ బయట కూడా ఉన్నట్టేనని వాళ్ల వాదన. అందరూ ఒప్పుకోలేదు, చర్చ నడుస్తూనే ఉంది.

నాకు విశాఖ గొడే వెంకట జగ్గారావు గుర్తొచ్చారు. 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టుకున్న జమీందారు. ఆకాశం మీద మనసుపడటం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. కాకపోతే ఆయనకి టెలిస్కోపు కొనే స్తోమతుంది. ఈ పిల్లకి కావలసింది కాగితం, పెన్ను, పదేళ్ల తీరిక. చివరిదే ఖరీదు, మా బావ లాంటి వాళ్లకి మరీను.

తెల్లారి బావ టీ తాగుతూ, నా వైపు చూడకుండానే అడిగాడు. "ఈ చదువు మన రాష్ట్రంలో లేదా?"

తిరుపతిలో ఐసర్ ఉందని, 2015లో పెట్టారని, ఐదేళ్ల కోర్సని, దానికి వేరే పరీక్ష రాయాలని చెప్పాను.

"తిరపతైతే సరే. బెంగళూరు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. "ఆ పరీక్ష ఎప్పుడో కనుక్కో."