ఇంటర్నెట్‌లో మొదటి వరుస: మన ఆరోగ్యానికి ఎంత భరోసా?



జబ్బు చేసినప్పుడు ముందుగా ఇంట్లో పెద్దవారిని, ఆ తరువాత వైద్యుణ్ణి అడగడం మన ఆనవాయితీ. ఇప్పుడు ఆ ఇద్దరికంటే ముందు ఫోనును అడుగుతున్నాం. అది క్షణంలో సమాధానాలను వరుసగా పేర్చి చూపుతుంది. మనం మొదటి రెండు మూడింటిని చదివి, మిగిలినవాటిని వదిలివేస్తాం. ఆ వరుస దేనిని కొలిచి ఏర్పడుతున్నదో తెలుసుకోవడం ఈనాడు ఆరోగ్య పరిజ్ఞానంలో భాగమే. ఉత్తరాంధ్రలో ఉన్న మనకు అది మరింత అవసరం, ఎందుకంటే మన మధ్యనే ఉద్దానం ఉంది.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కళకళలాడే ఈ సీమకు ఉద్యానవనం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. అక్కడ మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేనివారిలో కూడా మూత్రపిండాలు నెమ్మదిగా దెబ్బతింటున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాలలోను ఇటువంటి వ్యాధే శ్రామికులను పీడిస్తున్నది. తాగునీరు, మండుటెండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం ఇలా ఎన్నింటినో అనుమానించారు. ఏ ఒక్కటీ ఇదే కారణమని తేలలేదు. కారణం తేలని జబ్బు చుట్టూ సలహాలు పుట్టగొడుగుల్లా మొలుస్తాయి.

ఆ సలహాలలో కొబ్బరినీళ్ళు ఒకటి. కిడ్నీలకు ఏది మంచిదని వెతికేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. ఆరోగ్యవంతుడికి ఆ సలహాలో దోషమేమీ లేదు. అయితే కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్న మనిషి శరీరం దానిని బయటకు పంపలేదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. తోట నిండా కొబ్బరి ఉన్న ఒక రైతుకు నేను ఈ సంగతి వివరించినప్పుడు ఆయన ఫోను చూపించి, "ఇదే ముందొచ్చింది బాబూ, మంచిది కాకపోతే ముందెందుకు పెడతారు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం చెప్పవలసిందే.

వెతికే యంత్రం, అంటే సెర్చ్ ఇంజిన్, మనం అడిగిన తరువాత లోకమంతా తిరిగి చూడదు. ముందే కోట్లాది పుటలను చదివి, ఏ మాట ఎక్కడెక్కడ ఉన్నదో గ్రంథం చివరి పదసూచిలాగా రాసి పెట్టుకుంటుంది. మన ప్రశ్నలోని మాటలను ఆ సూచితో పోల్చి చూస్తుంది. అన్ని చోట్లా దొరికే మాటకు తక్కువ విలువ, అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలన్న సూత్రాన్ని 1972లో బ్రిటిష్ పరిశోధకురాలు కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. "ఉద్దానం కిడ్నీ మంచిది" అని వెతికితే "మంచిది" కంటే "ఉద్దానం" అన్న మాటే ఎక్కువ తూగుతుంది.

ఒకే మాట ఉన్న వేల పుటలలో దేనిని ముందు పెట్టాలన్నది తరువాతి చిక్కు. 1998లో స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దీనికి ఒక ఉపాయం ప్రకటించారు. ఒక పుటకు మరొక పుట లింకు ఇస్తే అది ఒక ఓటు. పేరున్న పుట వేసిన ఓటుకు విలువ ఎక్కువ. గూగుల్‌కు పునాది ఇదే. వైద్యులకు ఈ ఆలోచన కొత్తది కాదు. యూజీన్ గార్ఫీల్డ్ 1964 నుంచే శాస్త్ర పత్రాలను ఎవరెవరు ఉదహరించారో లెక్కకట్టే సూచికను ప్రచురించారు. వైద్య పత్రికల స్థాయిని చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఆ లెక్క నుంచి పుట్టినదే.

బ్లాగుల విషయంలోనూ ఇదే జరిగింది. 2002లో మొదలైన టెక్నోరటి అనే బ్లాగుల సెర్చ్ ఇంజిన్, గడచిన ఆరు నెలలలో ఎన్ని బ్లాగులు లింకు ఇచ్చాయో లెక్కించి, ఆ సంఖ్యకు "అథారిటీ" అని పేరు పెట్టింది. ప్రాచుర్యాన్ని కొలిచి ప్రామాణ్యమని పిలవడం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మన తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చిన కూడలి మాత్రం కొత్తగా రాసినదాన్ని పైన చూపేది. అందులో పైన ఉండడం అంటే ఇప్పుడే రాసినదని మాత్రమే అర్థం. చదివేవారికి ఆ సంగతి తెలుసు కనుక ఎవరూ మోసపోయే వీలు లేదు.

ఓటుకు, సత్యానికి ఉన్న దూరం ఎంతటిదో వైద్యరంగమే చూపింది. ఎమ్‌ఎమ్‌ఆర్ టీకాకు ఆటిజంతో సంబంధం ఉందని సూచించిన వేక్‌ఫీల్డ్ పత్రం 1998లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. 2010లో ఆ పత్రిక దానిని ఉపసంహరించుకుంది. ఈలోగా దానిని ఎందరో ఉదహరించారు. వారిలో ఖండించినవారూ ఎక్కువే. లెక్కలో మాత్రం ఖండన, ఆమోదం రెండూ ఒక్కటే.

సెర్చ్ సంస్థలకు ఈ లోపం తెలియనిది కాదు. ఆరోగ్యానికి, డబ్బుకు సంబంధించిన రాతలను "మీ డబ్బు లేదా మీ ప్రాణం" అనే ప్రత్యేక వర్గంగా గూగుల్ పరిగణిస్తుంది. రాసినవారి అనుభవం, నైపుణ్యం, ప్రామాణ్యం, విశ్వసనీయత చూడమని తన పరిశీలకులకు సూచిస్తుంది. ఆ మేరకు మేలే. కానీ రాతలోని గుణాన్ని యంత్రం నేరుగా కొలవలేదు, గుర్తులను మాత్రమే కొలుస్తుంది.

ఉద్దానంలో అందరి నోటా వినిపించే క్రియాటినిన్ ఈ సంగతిని చక్కగా బోధపరుస్తుంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. మూత్రపిండాలు దానిని వడకడతాయి కనుక రక్తంలో దాని మోతాదును బట్టి వాటి పనితీరును అంచనా వేస్తాం. అది గుర్తు మాత్రమే. పనితీరు సగం వరకు తగ్గినా ఆ సంఖ్య మామూలుగానే ఉండవచ్చు. మనిషి చిక్కిపోయి కండ కరిగినా, మాంసాహారం మానినా సంఖ్య దిగుతుంది. మూత్రపిండం మాత్రం బాగుపడదు. "క్రియాటినిన్ తగ్గించే మందు" అని అమ్మేవారు ఈ సందులోనే వ్యాపారం చేస్తారు. ర్యాంకు కూడా ఇటువంటిదే. వెతికే మాటలను పదే పదే చొప్పించి, లింకులు కొని, ఆకర్షించే శీర్షికలు పెట్టి ఆ సంఖ్యను పెంచవచ్చు. రాతలోని సత్యం అణువంత కూడా పెరగదు. ఇక "స్పాన్సర్డ్" అన్న గుర్తుతో పైన కనిపించేవి డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు.

మనవైపు నుంచి కూడా ఒక లోపం ఉంది. వైద్యులు "దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి" అని రాస్తే జనం "కిడ్నీలు పాడైపోతే" అని వెతుకుతారు. ఉద్దానం, ఉద్ధానం అని ఊరి పేరునే రెండు విధాలుగా రాస్తాం. జనం మాట్లాడే భాషలోనే విద్య సాగాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టినది మన శ్రీకాకుళం సీమలోనే. తెలిసినవారు జనం భాషలో రాయకపోతే, ఆ భాషలో రాసే అమ్మకందారుడికే మొదటి వరుస దక్కుతుంది.

అందుచేత ఆ రైతు ప్రశ్నకు నా సమాధానం ఇది: ముందు పెట్టినది ఎక్కువమందికి నచ్చినది, యంత్రానికి తగినదని తోచినది. మీ రక్తంలో పొటాషియం ఎంతో దానికి తెలియదు.

కాబట్టి ఫోనులో చదివే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రాసినవారు ఎవరు? ఎప్పుడు రాశారు? చివర ఏదైనా అమ్ముతున్నారా? ఈ సలహా ఆరోగ్యవంతులకా, రోగులకా? నాలుగవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యం. మీ ఇంట్లో మూత్రపిండాల వ్యాధి అనుమానం ఉంటే రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కకట్టే ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. ఒక్కసారి వచ్చిన సంఖ్యను చూసి బెంబేలెత్తవద్దు. లోపం మూడు నెలలకు పైగా నిలిచి ఉంటేనే దీర్ఘకాలిక వ్యాధి అంటాం. నొప్పి మాత్రలు, ఆకు పసర్లు వైద్యుణ్ణి అడగకుండా వాడవద్దు. 2023 డిసెంబరు నుంచి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఫోనులో చదివినదానిని దాచకుండా మీ వైద్యుడికి చూపించి, "ఇది నాకు పనికివస్తుందా?" అని అడగండి. అలా అడగడం ఆయనను అవమానించడం కాదు.