పని లేదంటే ఎందుకు లేదు?

ప్రియమైన పాఠకులకు,

ఈ నెల కాటేదాన్ గురించి రాస్తున్నాను. శంషాబాద్ వెళ్లే దారిలో బిస్కెట్లు, ప్లాస్టిక్ సామాన్లు, ఇనుప సామగ్రి తయారయ్యే చిన్న చిన్న కంపెనీల పారిశ్రామికవాడ ఇది. ఇక్కడ గేట్ల మీద ‘హెల్పర్లు కావలెను’ అనే బోర్డులు కనబడతాయి. అదే రోడ్డు మీద పని కోసం తిరిగే కుర్రాళ్లూ కనబడతారు. ఒక పని వదిలి ఇంకొకటి దొరికేదాకా గడిచే ఈ ఖాళీని ఘర్షణ నిరుద్యోగం అంటారు. దీనికి పెద్దగా భయపడక్కర్లేదు. సమాచారం సరిగ్గా అందితే కొన్నాళ్లలో తీరిపోతుంది.

పాలమూరు పల్లెల నుంచి వచ్చేవాళ్లది వేరే కథ. కోతలయ్యాక అక్కడ చేతికి పని ఉండదు. ఈ రుతు నిరుద్యోగానికి మందుగానే 100 రోజుల ఉపాధి హామీని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. ఇద్దరు చాలే పొలంలో ఇంటిల్లిపాదీ పనిచేస్తే అది ప్రచ్ఛన్న నిరుద్యోగం. ఇది లెక్కలకు అందదు. 2023-24 కేంద్ర సర్వే దేశంలో నిరుద్యోగం 3.2 శాతమేనంది. ఏడాదిలో 30 రోజులు సొంత పొలంలో కూలి లేకుండా సాయం చేసినవారు కూడా ఆ లెక్కలో పనివారే. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండటం తప్పని నా అభిప్రాయం.

గిరాకీ పడిపోయి పనులు పోతే చక్రీయ నిరుద్యోగం. 2020లో లాక్‌డౌన్‌తో యంత్రాలు ఆగాయి, ఆ తర్వాత కొనేవాళ్లూ తగ్గారు. ఆ ఏడాది మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కార్మికుల కోసం దేశంలోనే మొదటి ప్రత్యేక రైలు కదిలింది. అలాంటి కాలంలో కార్మికుడికి ఎంత శిక్షణ ఇచ్చినా ప్రయోజనం లేదు. ప్రభుత్వం ఖర్చు పెట్టి గిరాకీని నిలబెట్టాల్సిందే.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది నిర్మాణాత్మక నిరుద్యోగం, అంటే పరిశ్రమలే మారిపోయి చేతిలో ఉన్న నైపుణ్యానికి పని లేకుండా పోవడం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, చుట్టుపక్కలా ఉన్న సుమారు 9,292 ఎకరాల పారిశ్రామిక భూముల్లో ఇళ్లు, ఆఫీసులు కట్టుకోవడానికి వీలిచ్చే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. కాటేదాన్ కూడా అందులో ఉంది. అదే నెల 26న శంషాబాద్ విమానాశ్రయం పక్కన సాఫ్రాన్ సంస్థ విమాన ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. కాటేదాన్‌కూ ఆ కేంద్రానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. కానీ ఇరవై ఏళ్లుగా ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషన్ నడిపిన నలభై అయిదేళ్ల మనిషి ఆ గేటు దాటాలంటే కొత్త చదువు, కొత్త సర్టిఫికెట్లు కావాలి. కాటేదాన్ ఫ్యాక్టరీల కాలుష్యం పోవాలి, నిజమే. ఇక్కడి చెరువులు, బోర్లు పాడైన సంగతి చుట్టుపక్కల బస్తీలకు బాగా తెలుసు. అయినా భూమికి ధర కట్టేటప్పుడే అక్కడి కార్మికుల పేర్లు రాసుకుని, శిక్షణకూ, ఆ కాలంలో ఇల్లు గడవడానికీ డబ్బు పక్కన పెట్టాలి. కంపెనీ మూతపడ్డాక వాళ్లను వెతికి పట్టుకోవడం అసాధ్యం.

మీలో ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఒక విన్నపం. మీ పేరున ఈఎస్‌ఐ చందా పడుతోందో లేదో ఈ వారమే చూసుకోండి. పని పోయినవారికి సగటు రోజు వేతనంలో సగం చొప్పున, గరిష్ఠంగా 90 రోజులు ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో వచ్చింది. చందా లేనివారికి అది అందదు. దాని గడువు, అర్హతలు ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడిగి తెలుసుకోండి. పక్క మిషన్ మీద పనిచేసే వారికీ చెప్పండి.

ఇట్లు
మీ సంపాదకుడు