వండే మనిషీ గుడికి రావాలి

డిసెంబరు వచ్చింది, ఇంటి మీద నక్షత్రం కట్టారా అని నేను అడగను. అది పిల్లలు చూసుకుంటారు. నేను అడిగేది ఒక్కటే: 25వ తారీఖు పొద్దున ఆరాధనకి మీ ఇంట్లో అందరూ వెళ్తారా? అందరూ అంటే వంట చేసే మనిషి కూడా. చాలా ఇళ్లలో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. కొత్త చీర మంచం మీద మడతపెట్టినట్టే ఉంటుంది, ఆవిడ పొయ్యి దగ్గర ఉంటుంది. “మీరు పదండి, నేను వెనకాలే వస్తా” అంటుంది. ముగింపు దీవెన అయ్యాక కూడా ఆవిడ జాడ ఉండదు. పండగపూట ఇది నాకు అస్సలు నచ్చదు. అందుకే క్రిస్మస్ భోజనం గురించి ఏం చెప్పినా, ఆరాధన గంట కొట్టేసరికి ఆవిడ చీర కట్టుకుని గుమ్మం దాటాలి అన్న లెక్కతోనే చెబుతాను.

హెయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టారు. అలా వచ్చిన దొరల దగ్గర సువార్త తీసుకున్నాం గానీ, పండగ విస్తరి మాత్రం మనదే ఉంచుకున్నాం. ఇంగ్లండులో క్రిస్మస్ భోజనం అంటే ఓవెన్‌లో మొత్తంగా కాల్చిన టర్కీ కోడి, బంగాళదుంపలు, ఆవిరి మీద ఉడికిన పుడ్డింగు. మన కోస్తా ఇళ్లలో బిర్యానీ, మటన్ కూర, నాటుకోడి ఉంటే గారెలు. తెలంగాణలో బగారా అన్నం, దాని పక్కన మాంసం కూర. అటు నుంచి వచ్చి మన ఇంట్లో స్థిరపడింది కేకు ఒక్కటే.

ఆ కేకుతోనే పని మొదలు. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీలు, టూటీఫ్రూటీ సన్నగా తరిగి నానబెట్టాలి. టూటీఫ్రూటీ అంటే పాకం పట్టిన పచ్చి బొప్పాయి ముక్కలే. కొందరు రమ్ములో నెల ముందే నానేస్తారు. మన ప్రొటెస్టెంటు ఇళ్లలో ఎక్కువమంది మద్యం ముట్టరు కాబట్టి నారింజ రసం వాడతారు. రసంలో వేసినవి ఫ్రిజ్‌లోనే ఉండాలి, రెండు మూడు రోజుల్లో కేకు కాల్చేయాలి. నల్లటి రంగు కోసం పొడులు కొనకండి. పంచదారని ముదురు తేనె రంగు వచ్చేదాకా కరిగించి, మంట తీసి, కాస్త దూరంగా నిలబడి వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తే ఆ రంగూ వస్తుంది, ఆ చిరుచేదూ వస్తుంది. ఓవెన్ లేకపోతే దిగులక్కర్లేదు. సికింద్రాబాద్‌లో కొన్ని పాత బేకరీలకి ఇళ్ల నుంచి పిండి కలిపి తీసుకెళ్లి కాల్పించుకునే అలవాటు ఉంది. మీ ఊరి బేకరీ ఆయన్నీ అడిగి చూడండి.

ఇక పిండివంటలు. ఇవి తినడానికి మాత్రమే అనుకుంటాం గానీ, 25న మనకి ఒక గంట సమయాన్ని సంపాదించిపెట్టేవి ఇవే. ఎలాగో తర్వాత చెబుతాను. అరిసెలకి బియ్యం ముందురోజే నానబోసి, తడి ఆరకుండానే పిండి పట్టించాలి. బెల్లం పాకం నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి. ముదిరితే అరిసె గట్టిపడుతుంది, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. చెక్కలు, జంతికలు, కజ్జికాయలు ఎవరి చేతివాటం వాళ్లది. నేను కాసేపు ఆగేది గులాబీ పువ్వుల దగ్గర. ఎందుకంటే క్రిస్మస్ వచ్చిందని వాసనతో చెప్పే వంట అది.

గ్లాసు బియ్యప్పిండికి అరగ్లాసు మైదా, అరగ్లాసు పంచదార పొడి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, గుడ్డు, కొబ్బరిపాలు. గరిటె వెనక పల్చగా అంటుకునేటట్టు కలపాలి. పువ్వుల అచ్చు నూనెలోనే కాగాలి. కాగిన అచ్చుని పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పిండి అంచు దాటి పైకెక్కిందా, పువ్వు అచ్చుని వదలదు. నూనె చల్లగా ఉన్నా అతుక్కుంటుంది, మరీ కాగితే పిండి అచ్చుకి పట్టదు. అచ్చు కొత్తదైతే రాత్రంతా నూనెలో ఉంచండి. ఈ గులాబీ పువ్వుల్నే కేరళ వాళ్లు అచ్చప్పం అంటారు. ఎక్కడో నార్వేలోనూ ఇలాంటి ఇనప అచ్చుతోనే క్రిస్మస్‌కి పువ్వులు వేయిస్తారు. తలుచుకుంటే నాకెంతో సంతోషం.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. గుడ్డు లేని పిండి ముందు కలిపి, ఆ వాయిలు ముందు తీసి, వేరే డబ్బాలో పెట్టండి. పక్కింట్లో గుడ్డు ముట్టని పిన్నిగారు ఉంటారు కదా, సంక్రాంతికి మనకి చక్కెర పొంగలి పంపే ఆవిడ. మన పళ్లెంలో ఆవిడ ధైర్యంగా తినగలిగేవి ఉండాలి. భోజనానికి పిలిచిన వాళ్లలో మాంసం తిననివాళ్లుంటే పులిహోర, పప్పుగారెలు వేరే మూకుట్లో, వేరే నూనెలో. ఇది అదనపు శ్రమ అనిపించవచ్చు, కానీ పిలిచామంటే వాళ్లు కడుపునిండా తిని వెళ్లాలి.

మాంసం సంగతి. 24 సాయంత్రం కొట్టు దగ్గర వరస చూసి బెంగపడే బదులు నాలుగు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. ఇంకో రెండు కూరలుంటాయి కాబట్టి కిలో బియ్యం ఎనిమిది మందికి సరిపోతుంది. ఇరవై మందికి రెండున్నర కిలోల బియ్యం, మూడు కిలోల మటన్. పచ్చిమాంసంతో దమ్ము వేయడం గొప్ప విద్యే గానీ ఆ రోజుకి అది వద్దు. దాని దగ్గర మనిషి కదలకుండా ఉండాలి. 24 రాత్రి ఇంటి మగవాళ్లు, పిల్లలు ఉల్లిపాయలు తరగాలి, వేయించాలి. పెరుగు, మసాలా పట్టించిన మటన్‌ని ఆ రాత్రే మెత్తగా ఉడికించి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. అప్పటికి క్యారల్స్ పాడే పిల్లలు వీధిలోకి వస్తారు, వాళ్లకి టీ పెట్టే తీరికా ఉంటుంది.

ఇలా పండగ తిండి గురించి చెబుతుంటే మెదక్ చర్చి గుర్తొస్తోంది. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొరగారు ఊరికే ధర్మం చేయకుండా, పని కల్పించి తిండి పెడుతూ కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. క్రిస్మస్‌నాడు తెల్లవారుజాము ఆరాధనకే అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు. ఆకలి తీర్చిన గుడి కదా, దాని పేరు వింటే నాకు పండగ వంట మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

సరే, పిండివంటలు సంపాదించిపెట్టే ఆ గంట సమయం సంగతి. గుడి నుంచి వచ్చేసరికి చుట్టాలు దిగుతారు. వాళ్ల ముందు కేకు, అరిసెలు, గులాబీ పువ్వులు, వేడివేడి టీ. వాళ్లు మాట్లాడుకుంటూ తింటుంటే లోపల పని నడుస్తుంది. గుడికి వెళ్లేముందు నానబోసిన బియ్యాన్ని ఉప్పునీళ్లలో ముప్పావు వంతు ఉడికించి వార్చాలి. మటన్‌ని మళ్లీ తెర్లేదాకా మరగబెట్టి, దాని మీద అన్నం పరచి, నెయ్యి, పుదీనా, వేయించిన ఉల్లి చల్లి మూత బిగించాలి. సన్నసెగ మీద ఇరవై నిమిషాలు చాలు. ఒకే పెద్ద డేగిశా కన్నా రెండు మధ్యరకం గిన్నెలు మేలు, అడుగంటవు. పెరుగు పచ్చడి కలపడం, ఆకులు వేయడం ఇంట్లో పెద్ద పిల్లలకి అప్పగించండి.

మొదటి గిన్నె దించగానే బిర్యానీ కొంత తీసి క్యారియర్లలో సర్దండి. గుళ్లో గంట కొట్టే తాతకి, మంచం పట్టి ఆరాధనకి రాలేకపోయిన అత్తకి అది వేడిగా అందాలి. అరిసెల డబ్బా ఒకటి మాత్రం పైన దాచి తాళం వేయండి. 31 రాత్రి ఆరాధన అయ్యాక అందరూ ఆకలితో ఇంటికొస్తారు.